పిడి మీద చెయ్యి

"పిడి ఇస్తారా, ఇవ్వరా? ఆ ఒక్క ముక్క చెప్పండక్కా, పోయి ఆయనతో అదే చెబుతాను."

చిన్నకోడలు గడప అవతలే నిలబడింది. తెల్లవారాక ఆమె రావడం ఇది మూడోసారి. మొదటిసారి నవ్వుతూ వచ్చింది. రెండోసారి ఏడుస్తూ వచ్చింది. నవ్వూ ఏడుపూ రెండూ పని చేయలేదు కాబట్టి ఈసారి నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

పెద్దకోడలు వంటింటి గుమ్మంలో కూర్చుని గిన్నె అడుగున మాడు గీకుతోంది. అంతసేపు గీకవలసినంత మాడు ఆ గిన్నెకు లేదు.

"ఏ పిడి?" అంది తల ఎత్తకుండా.

"ఏ పిడో మీకు తెలియదా? పందిరి గేరు పిడి."

"తెలియదమ్మా. మొన్నటి గాలికి మా ఇంటి పెంకులే సగం పోయాయి. పిడి కూడా ఎటో కొట్టుకుపోయిందేమో, వెతుక్కోండి."

"మూడు కిలోల ఇనుము గాలికి పోతుందా?"

"కమ్మరి కొట్టు కప్పు పోయి బడి ఆవరణలో పడింది. అది ఇనుము కాదా?"

పిడి ఎక్కడికీ పోలేదు. లోపలి గదిలో పరుపుల పెట్టెలో, మూడు దుప్పట్ల కింద, నూనె గుడ్డ చుట్టుకుని హాయిగా పడుకుని ఉంది. గాలి ఆగిన గంటకల్లా పెద్దకోడలు చేసిన మొదటి పని అదే. పగిలిన పెంకులు ఏరకముందే, గంపల కింద కోళ్లు బతికున్నాయో లేదో చూడకముందే, తోట చివరికి నడిచి వెళ్లి గేరు నుంచి పిడి ఊడదీసుకుని వచ్చింది. మూడేళ్లుగా ఎదురుచూస్తున్న రోజు గాలి రూపంలో వచ్చిందని ఆమెకు అప్పుడే అర్థమైంది.

ఆ సుడిగాలి ఊళ్లో ఉన్నది అర నిమిషం కూడా కాదు. ఉత్తరపు చేల మీదుగా వచ్చి, కమ్మరి కొట్టు కప్పు ఎగరేసి, ఈ ఇంటి పెంకులు దులిపి, ద్రాక్షతోట మధ్యలోంచి నడిచి, కాలువ దాటి పోయింది. పక్కింటి దండెం మీద ఆరేసిన బట్టలు కదలనైనా కదల్లేదు. మర్నాడు జీపులో వచ్చిన అధికారి కాగితం మీద ఏదో రాసుకుని, "ఇది చాలా బలహీనమైన సుడిగాలి, మీరు అదృష్టవంతులు" అన్నాడు. ఆ అదృష్టం ఎలా ఉంటుందో చూపిద్దామని కమ్మరి ఆయన్ని తన కొట్టులోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. నెత్తి మీద ఎండ పడేసరికి అధికారి లేచి పోయాడు.

బలహీనమైన గాలే కావచ్చు. కానీ పందిరిని మాత్రం నడుం దగ్గర విరిచింది.

అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఇంటికి అడ్డగోడ కట్టుకున్నారు, నేలకు గట్టు వేసుకున్నారు. ద్రాక్షపందిరి దగ్గరికి వచ్చేసరికి పంచడం కుదరలేదు. అన్న తోట చివర ఒక రాతిస్తంభం, తమ్ముడి తోట చివర ఒక రాతిస్తంభం. ఆ రెంటి మధ్య లాగి కట్టిన పెద్ద వైరు మీదే పందిరంతా నిలబడింది. రెండు స్తంభాలకూ ఆ వైరు బిగించే గేరు చెరొకటి. మధ్యలో నరికితే రెండు వైపులా కూలుతుంది. అందుకని పందిరిని ఉమ్మడిగా ఉంచి, గేర్ల పిడులు మాత్రం చెరొకటి పంచుకున్నారు. బిగించాలంటే రెండు వైపులా ఒకేసారి, పన్ను పన్నుగా తిప్పాలి. ఒక్క వైపే తిప్పితే పందిరి అటే ఈడ్చుకుపోయి తీగలు వేళ్లతో సహా లేచి వస్తాయి.

ఇప్పుడు ఆ పందిరి కోతకు వచ్చిన కాయతో సహా తడి నేల మీద పడి ఉంది. ఇవాళ సాయంత్రానికి లేపకపోతే గుత్తులు కుళ్లుతాయి. రేపటికి తీగలే చస్తాయి.

"ఇవ్వకపోతే కమ్మరి చేత ఇంకో పిడి చేయించుకుంటాం" అంది చిన్నకోడలు.

"శుభ్రంగా చేయించుకోండి. గేరు మాత్రం నా నేలలో ఉంది. నా గట్టు దాటి ఎవరు కాలు పెడతారో చూస్తాను."

"మీ కాయ కూడా కుళ్లిపోతుంది కదక్కా! పొరుగువాడికి అపశకునం కావాలని ముక్కు కోసుకుంటారా ఎవరైనా?"

"నా ముక్కు. నా కత్తి. నీకెందుకు నొప్పి?"

చిన్నకోడలికి కళ్లల్లో మళ్లీ నీళ్లు తిరిగాయి. "మీకు కావలసిందేమిటి అసలు?"

పెద్దకోడలు గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, తీరిగ్గా లేచి నిలబడింది. ఈ ప్రశ్న కోసమే చిన్నకోడల్ని రెండుసార్లు వట్టి చేతులతో పంపింది.

"నీ మొగుణ్ణి వచ్చి చెప్పమను. నలుగురిలో, ఆ గేరు దగ్గర నిలబడి చెప్పమను. అన్నయ్య నిచ్చెన మీద ఉండగా పిడి వదిలేసి పోయింది నేనే అని. ఆ ఒక్క మాట. అది చెప్పిన మరుక్షణం పిడి తెచ్చి నేనే తిప్పుతాను."

"ఆయన వదల్లేదని ఎన్నిసార్లు చెప్పాలి? అసలు మీ మరిది ఆ క్షణంలో గేరు దగ్గరే లేరు!"

"విన్నారా?" పెద్దకోడలు వరండా వైపు తిరిగింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుందట. గేరు దగ్గరే లేడట! నేను మూడేళ్లుగా మొత్తుకుంటున్నదీ అదేగా!"

చిన్నకోడలు నాలుక కరుచుకుంది. ఇంట్లో మొగుడు చెప్పిన మాట నోరు జారింది.

వరండాలో ఇద్దరున్నారు. ఒకరు పెద్దకోడలి భర్త. పక్కన రెండు చేతికర్రలు ఆనించుకుని, కొమ్మలు కత్తిరించే కత్తెరకు పదును పెడుతున్నాడు. తోటలోకి వెళ్లి మూడేళ్లయినా కత్తెరకు పదును పెట్టడం మాత్రం మానలేదు. రెండోవారు అత్త. మంచం మీద కూర్చుని చిక్కుళ్లు వలుస్తోంది. ఆకురాయి చప్పుడు ఆగింది. చిక్కుళ్ల చప్పుడూ ఆగింది.

"మీరైనా చెప్పండి అత్తయ్యా" అంది చిన్నకోడలు.

అత్త చేటలోకి చూస్తూ నెమ్మదిగా అంది. "ఇచ్చెయ్యమ్మా. పాతది తవ్వితే ఏమొస్తుంది?"

పెద్దకోడలి గొంతు మెత్తబడింది. ఆ ఇంట్లో ఆమె గొంతు మెత్తబడేది ఆ ఒక్క మనిషి దగ్గరే. "మీరు ఊరుకోండత్తయ్యా. మీ కొడుకు కాలు తీసినవాడు కూడా మీ కడుపున పుట్టినవాడే. మీరు ఎవరినని అడుగుతారు? మీ బదులు నేనడుగుతున్నాను."

అత్త ఇంకో చిక్కుడుకాయ అందుకుంది.

*

పగిలిన పెంకులకు బదులు ఏవైనా దొరుకుతాయేమోనన్న వంకతో పెద్దకోడలు బయటికి నడిచింది. నిజానికి ఆమెకు పందిరి చూడాలనిపించింది. పగ తీరుతుంటే దగ్గరుండి చూసుకోకపోతే ఎలా?

వీధి పొడుగునా గాలి చేసిన తమాషాలు ఇంకా అలాగే ఉన్నాయి. దర్జీ ఇంటి కిటికీ రెక్క పాలకేంద్రం మెట్ల మీద ఉంది. ఎవరిదో చెప్పుల జతలో ఒకటి కరెంటు వైరుకు వేలాడుతోంది. రెండోదాన్ని చేత్తో పట్టుకుని ఒక ముసలాయన కిందనుంచి చూస్తూ నిలబడ్డాడు.

కమ్మరి తన కొట్టులో, అంటే నాలుగు గోడల మధ్య ఆకాశం కింద, తెగిపోయిన వైరు కొసలు కలిపి మెలివేస్తున్నాడు. ఆయన్ని ఊరంతా సుత్తి బాబాయి అంటారు. చేసే పనిని బట్టి కొంత, చెప్పే కబుర్లను బట్టి కొంత.

"రావమ్మా పెద్దకోడలా. కప్పు లేకపోతే ఎంత వెలుతురో చూశావా? ముప్పై ఏళ్లుగా ఈ తెలివి నాకు రాలేదు."

"వైరు అతికిందా బాబాయ్?"

"ఇనుముదేముంది, కాల్చి కొడితే అతుకుతుంది. మనుషులే కాల్చినా అతకరు." ఆయన వైరు కింద పెట్టి చేతులు దులుపుకున్నాడు. "మధ్యలో పడ్డ స్తంభాలు పొద్దున్నే నిలబెట్టాం. పంగకర్రలతో పన్నెండుమంది సిద్ధంగా ఉన్నారు. మధ్యాహ్నం దాటాక ఎండ తగ్గుతుంది, అప్పుడు లేపాలి. నీ పిడి ఒక్కటే తక్కువ."

"నా షరతు విన్నావుగా."

"విన్నాను. ఊరంతా విన్నది. మీ మామ కాలంలో అయితే..." అని మొదలుపెట్టబోయి, ఆమె ముఖం చూసి కథ మింగేశాడు. "అమ్మాయ్, మన పందిళ్ల దగ్గర కట్టుబాటు ఒకటే. పైకి ఎక్కినవాడు దిగేదాకా పిడి మీద చెయ్యి తీయకూడదు. గేరు వెనక్కి తిరగకుండా ఆపే నాలుక ఉంది కదా, పన్నులో పడింది కదా అని నమ్మకూడదు. ఆ నాలుకలు మా నాన్న చేసినవి. అరిగిపోయాయి. మారుస్తానని నేనూ చెబుతూనే ఉన్నాను, మారుస్తూ లేను. అడిగితే నీ మొగుడి కాలులో నాకూ వాటా ఉంది. నన్నూ నిలబెడతావా?"

"నువ్వు ఒప్పుకున్నావు బాబాయ్. నీతో నాకు పేచీ లేదు. వాడు ఒప్పుకోలేదు. 'నేను పట్టుకునే ఉన్నాను, అన్నయ్యే తొందరపడి జారాడు' అన్నాడు. తాగి ఎక్కాడేమోనని ఊళ్లో కొందరు అంటుంటే వింటూ కూర్చున్నాడు. మా ఆయన జన్మలో చుక్క ముట్టలేదు."

సుత్తి బాబాయి వంగి మళ్లీ వైరు అందుకున్నాడు.

తోట గట్టు మీద నిలబడి చూసింది. పందిరి నేల మీద పరుపులా పరుచుకుని ఉంది. దాని కింద మరిది పాకుతున్నాడు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, బురదలో. నేలకు తగిలిన గుత్తుల్ని ఒక్కొక్కటే కోసి గంపలో వేస్తున్నాడు. ఒక గంప నింపేలోపు పది గంపలు చెడుతున్నాయి. చొక్కా వీపు మీద చిరిగిపోయింది. నుదుటికి ఏదో గీసుకుని రక్తం కారుతోంది. తుడుచుకునే తీరిక కూడా లేదు వాడికి.

పెద్దకోడలు ఆ దృశ్యాన్ని కళ్లనిండా చూసుకుంది. ఎనిమిది నెలలు మంచం మీద ఉన్న మనిషిని అటు తిప్పి ఇటు తిప్పి పుళ్లు తుడిచిన రోజులు గుర్తొచ్చాయి. ఆ ఎనిమిది నెలలూ వీడు ఈ పందిరి కింద నిటారుగా నడిచాడు. ఇప్పుడు పాకనీ. ఆమె కడుపులో చల్లగా ఉంది. తన సగం తోట కూడా ఆ పందిరి కిందే కుళ్లుతోందని తెలుసు. అయినా చల్లగానే ఉంది.

*

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నారు. అత్త రెండు ముద్దలు తిని లేచిపోయింది. భర్త చెయ్యి కడుక్కోకుండా కంచం ముందు కూర్చునే ఉన్నాడు.

"పిడి ఇచ్చెయ్" అన్నాడు చివరికి.

"ఇస్తాను. వాణ్ణి చెప్పమనండి."

"చెబితే నాకు కాలు వస్తుందా?"

"మీకు రాదు. నాకు నిద్ర వస్తుంది."

"మూడేళ్లుగా నేను అడగనిది నువ్వెందుకు అడుగుతున్నావు?"

"మీరు అడగలేదు కాబట్టి! తమ్ముడని కడుపులో పెట్టుకున్నారు. మీ మంచితనానికి దండం పెడతాను గానీ, ఆ మంచితనం తాలూకు పుళ్లు తుడిచింది నేను. నా వాటా నేను అడుగుతున్నాను."

అతను కంచం పక్కకు నెట్టాడు. అది గోడకు తగిలి చప్పుడైంది. పెళ్లయి పద్దెనిమిదేళ్లలో అతను కంచం నెట్టడం ఆమె చూడలేదు.

"విరిగింది నా కాలు" అన్నాడు. "దాన్ని మోస్తున్నది మాత్రం నువ్వు. ఊరంతా తిప్పుతున్నావు. వాడి గుమ్మంలో పెడుతున్నావు, పెళ్లిళ్లలో పెడుతున్నావు, చావుల్లో పెడుతున్నావు. గాలికి పోయే కంపను తెచ్చి ఒంటికి తగిలించుకోకు. ఇచ్చెయ్. నీకు చేతులెత్తి చెబుతున్నాను."

"ఎందుకంత భయం మీకు?"

అతను నోరు తెరిచాడు. లోపలి గది వైపు ఒకసారి చూశాడు. తలుపు ఓరగా వేసి ఉంది. మళ్లీ నోరు మూసుకుని కర్రల కోసం తడుముకున్నాడు.

"భయం కాదు" అన్నాడు. "వద్దు, అంతే."

ఆమెకు ఒళ్లు మండింది. తమ్ముడంటే ఇంత పక్షపాతమా? అయితే ఇక మొగుడి మాట కూడా ఈ విషయంలో చెల్లదు. గిన్నెలు తోమడానికి లేచింది. అప్పుడే పెరటి వైపు దగ్గు వినిపించింది.

మరిది వచ్చాడు. బురద కాళ్లతో గుమ్మం ఎక్కకుండా మెట్టు కిందే ఆగాడు.

"వదినా, ఏం చెప్పమంటారు?"

"జరిగింది చెప్పు."

"జరిగింది చెబితే మీరు..." ఆగిపోయాడు.

"నాకేమవుతుంది?"

"ఏమీ కాదు." తల వంచుకున్నాడు. "మీకు ఏది కావాలో అదే చెబుతాను. పిడి తెండి."

ఇంత తేలిగ్గా దొరుకుతాడని ఆమె అనుకోలేదు. తేలిగ్గా దొరికింది రుచించదు. నిలబడి ఒక క్షణం ఆలోచించింది.

"గేరు దగ్గర కాదు" అంది. "పందిరి లేచాక మధ్య స్తంభం దగ్గర ముడి వేయడానికి ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కాలి కదా? నువ్వే ఎక్కు. మీ అన్నయ్య నిలబడ్డ మెట్టు మీద నిలబడు. కింద పిడి నా చేతిలో ఉంటుంది. అప్పుడు చెప్పు."

మరిది తల ఎత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"సరే వదినా" అన్నాడు.

*

ఎండ వాలేసరికి తోటలో జనం చేరారు. పన్నెండుమంది పంగకర్రలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. వాళ్లకు రెట్టింపు మంది ఊరికే చూడ్డానికి వచ్చారు. పందిరి లేవడం ఎప్పుడైనా చూడొచ్చు. ఒక మగాడు నిచ్చెన మీద నిలబడి తప్పు ఒప్పుకోవడం రోజూ దొరికే వినోదం కాదు.

పెద్దకోడలు నూనె గుడ్డ విప్పి, పిడిని గేరుకు తగిలించింది. అవతలి చివర, దూరంగా, రెండో గేరు దగ్గర చిన్నకోడలు నిలబడింది. అత్త కూడా వచ్చింది. వద్దంటే వినకుండా వచ్చి, గేరుకు నాలుగడుగుల దూరంలో గట్టు మీద కూర్చుంది.

"లేపండి!" అని అరిచాడు సుత్తి బాబాయి.

పన్నెండు కర్రలు ఒకేసారి లేచాయి. నేలకు అంటుకున్న ఆకులు చిరిగిన గుడ్డలా శబ్దం చేస్తూ ఊడాయి. మగ్గిన ద్రాక్ష వాసన గుప్పుమంది. పందిరి మోకాళ్లదాకా వచ్చింది, నడుందాకా వచ్చింది.

"తిప్పండి! రెండు వైపులా! ఒక పన్ను... ఇంకో పన్ను..."

పెద్దకోడలు తిప్పింది. ప్రతి పన్నుకీ గేరు టక్కుమంటోంది. అవతలి గేరు జవాబు చెబుతోంది. మూడేళ్లుగా ఒకరి ముఖం ఒకరు చూసుకోని రెండు ఇళ్లు ఆ కాసేపూ ఒకే లెక్కలో తిరిగాయి. వైరు బిగిసింది. భారమంతా ఆమె భుజాల్లోకి వచ్చింది. పందిరి తలల మీదికి లేచింది.

"ఆపండి! పిడులు వదలొద్దు! ఎక్కరా!"

మరిది నిచ్చెన ఎక్కాడు. పెద్ద వైరును మధ్య స్తంభం తలకు కట్టే ముడి మొదలుపెట్టాడు. ఆ ముడి పడేదాకా పందిరి బరువంతా రెండు పిడుల మీదే ఉంటుంది. అతను దిగలేడు. కింద పన్నెండుమందీ కదల్లేరు. ఇద్దరు ఆడవాళ్లూ చెయ్యి తీయలేరు.

"చెప్పు" అంది పెద్దకోడలు.

జనం ముందుకు జరిగారు.

"ఆ రోజు..." మరిది వైరు గట్టిగా పట్టుకున్నాడు. "ఆ రోజు పిడి వదిలింది నేనే."

"వినపడలేదు. వెనకున్నవాళ్లకు కూడా వినపడాలి."

"పిడి వదిలింది నేనే!"

"అన్నయ్య పైన ఉండగా."

"అన్నయ్య పైన ఉండగా."

"తర్వాత అబద్ధం ఆడాను."

"తర్వాత అబద్ధం... ఆడాను."

"ఏమండీ!" అవతలి చివర నుంచి చిన్నకోడలి కేక వినిపించింది. "నాతో అలా చెప్పలేదుగా మీరు!"

పెద్దకోడలికి ఆ కేక కూడా తియ్యగా ఉంది. మూడేళ్లు తను ఒంటరిగా మింగింది ఇవాళ ఆ ఇల్లు కూడా మింగుతోంది. చేతులు నొప్పి పుడుతున్నాయి. అయినా ఆ నొప్పి ఎంతసేపైనా ఓర్చుకోగలననిపించింది. పైన మరిది స్తంభాన్ని కరుచుకుని ఉన్నాడు. ఉండనీ. తన చేతిలో ఏముందో వాడికి తెలుసు. ఆ తెలియడమే ఆమెకు కావలసింది.

"ఇంకోసారి" అంది. "మొదటి నుంచి."

"చాలు!"

ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. జనం పక్కకు తప్పుకున్నారు. మూడేళ్లుగా తోటలో అడుగు పెట్టని ఆమె భర్త రెండు కర్రల మీద, బురదలో, ఊగుతూ వస్తున్నాడు. ముఖం ఎర్రబడి ఉంది.

"వాణ్ణి ఆపు. వాడు చెప్పేది అబద్ధం."

"మీరు ఊరుకోండి" అంది ఆమె. "మళ్లీ తమ్ముణ్ణి వెనకేసుకు రాకండి. వాడే ఒప్పుకుంటుంటే..."

"వాడు ఆ క్షణంలో ఇక్కడ లేడు. మేకులు తేవడానికి షెడ్డుకు పోయాడు. నేను పైనుంచి కళ్లారా చూశాను."

"లేడు కాబట్టే కదా వదిలేసి పోయాడంటున్నాను!"

"వదిలేసి పోలేదు. ఇంకొకరి చేతికి ఇచ్చి పోయాడు."

"అన్నయ్యా, వద్దు!" అని పైనుంచి అరిచాడు మరిది. "ఒప్పుకున్నాగా! అయిపోయిందిగా!"

ఎవరి చేతికి అని ఆమె అడగలేదు. అడగవలసిన పని లేకపోయింది. గట్టు మీదనుంచి అత్త లేచి నిలబడింది.

"నా చేతికమ్మా" అంది.

గాలి లేదు. ఆకు కదల్లేదు. సుత్తి బాబాయి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కంట్లో నలక పడింది" అంది అత్త. ఆమె గొంతు చిక్కుళ్లు వలిచేటప్పటిలాగే మామూలుగా ఉంది. "నాలుక పన్నులో పడే ఉంది కదా, రెప్పపాటు కదా అని చెయ్యి తీసి తుడుచుకున్నాను. తుడుచుకుని చూసేసరికి గేరు వెనక్కి జారి, వాడు కింద ఉన్నాడు. నీతో చెబుతానన్నాను. ఇద్దరూ నా నోరు నొక్కారు. 'ఆవిడ నీకు ముద్ద పెడుతుంది అమ్మా, ఆ ముద్ద పోతుంది' అన్నారు. మొదట కొడుకుల కోసం ఊరుకున్నాను. తర్వాత నా కోసమే ఊరుకున్నాను. నీ చేతి తిండి రుచిగా ఉంది."

పెద్దకోడలు అత్త చేతుల వైపు చూసింది. ఎనిమిది నెలలు మంచానికి అటు పక్క తను, ఇటు పక్క ఈమె. తను ఏడిస్తే తల నిమిరింది ఈ చెయ్యే. "ఆ దుర్మార్గుడు బాగుపడడు అత్తయ్యా" అని తను శపించిన ప్రతిసారీ ఈమె వింటూ కూర్చుంది. కన్నకొడుకును శపిస్తుంటే విన్నది. ఒక్క మాట, ఒక్క మాట చెప్పి ఉంటే.

మీద పడి భుజాలు పట్టుకుని కుదిపేయాలనిపించింది. ఇల్లు వదిలి పొమ్మని అరవాలనిపించింది. పిడి వదిలితే తప్ప అదేదీ కుదరదు. ఆమె వేళ్లు తెల్లబడ్డాయి. అరచేతుల్లో చెమట పుట్టి, నూనె రాసిన ఇనుము మీద పట్టు జారుతోంది.

"అమ్మాయ్! చెయ్యి!" సుత్తి బాబాయి కేకేశాడు. "తగాదా తర్వాత! పైన మనిషున్నాడు! ఒరేయ్, ఆ ముడి ఎంతవరకు వచ్చింది?"

"సగం" అన్నాడు మరిది. అతని చూపు ముడి మీద లేదు. ఆమె చేతుల మీద ఉంది.

అత్త నాలుగడుగులూ నడిచి వచ్చింది. దగ్గరగా వచ్చి, రెండు చేతులూ చాపింది.

"అలసిపోయావు. ఒక వైపు నన్ను పట్టుకోనియ్యి."

"దగ్గరికి రావద్దు" అంది పెద్దకోడలు.

ఇరవై ఏళ్లకు దగ్గరపడుతున్న కాపురంలో ఆమెతో మాట్లాడుతూ చివర "అత్తయ్యా" అని అనకపోవడం అదే మొదటిసారి. అత్త చాపిన చేతులు అలాగే ఉంచి ఆగిపోయింది.

గేరు నాలుక టక్కుమని ఒక పన్ను వెనక్కి జారింది. పైన నిచ్చెన కదిలింది. కర్రలు పట్టుకున్న పన్నెండుమందీ ఒక్కసారిగా అరిచారు. పెద్దకోడలు ఛాతీ ఆనించి, కాళ్లు నేలలోకి తన్నిపెట్టి ఆపింది. ఇంకో పన్ను జారితే ఆపే శక్తి తనలో లేదని ఆమెకు తెలిసిపోయింది. భర్త రెండు కర్రల మీద ఇంకా పది గజాల అవతలున్నాడు. కమ్మరి పందిరి కింద ఉన్నాడు. చూడవచ్చినవాళ్లంతా నిచ్చెన వైపు పరుగెత్తారు. చేతికి అందేంత దగ్గర్లో ఉన్నది అత్త ఒక్కతే.